లోహాలు మంచి కండక్టర్లట! ఒక్క ఇంగ్లీషు మాటకి ఇన్ని అర్థాలుంటే పిల్లలకి ఎలా చెప్పాలి?

లాస్ట్ ట్రిప్

మా పాప ఎనిమిదో తరగతి. ఐదు దాకా తెలుగు మీడియం, ఆరు నుంచి ఇంగ్లీషు మీడియం. నేను ఆర్టీసీలో కండక్టర్‌ని, పదహారేళ్ల సర్వీసు. నిన్న రాత్రి డ్యూటీ దిగి ఇంటికి వచ్చేసరికి సైన్సు పుస్తకం ముందు పెట్టుకుని నా కోసమే ఎదురుచూస్తోంది. "నాన్నా, మెటల్స్ ఆర్ గుడ్ కండక్టర్స్ అని ఉంది. కండక్టర్ అంటే నువ్వు కదా?" అంది.

కరెంటుని తనలోంచి పోనిచ్చేదాన్ని కూడా కండక్టర్ అంటారమ్మా అని చెప్పాను. సరే అంది. రెండు పేజీలు తిప్పి ఈసారి చార్జ్ అనే మాట చూపించింది. బస్సు చార్జీ దానికి తెలుసు. ఫోను చార్జింగ్ తెలుసు. లాఠీచార్జ్ టీవీలో చూసింది. కొత్త ఎస్సై గారు చార్జ్ తీసుకున్నారని నేను వాళ్లమ్మతో అంటుంటే వింది. చార్జిషీటు పేపర్లో చదివింది. "పోలీసులు చార్జ్ చేశారంటే డబ్బులు తీసుకున్నట్టా, కొట్టినట్టా, కేసు పెట్టినట్టా? ఈ పాఠంలో ఉన్నది వీటిలో ఏది?" అని అడిగింది.

రేపు చెబుతానన్నాను. డిక్షనరీ తీస్తే ఆ ఒక్క మాట కిందే అర పేజీ ఉంది. అంతా చదివాను గానీ ఏది ఎక్కడ వాడాలో పాపకి చెప్పే ధైర్యం రాలేదు. ఇన్ని లక్షల మాటలున్న భాష అంటారు, ఒక్కో పనికి ఒక్కో మాట పెట్టుకోవచ్చు కదా? మీ పిల్లలకి మీరెలా చెబుతున్నారు? అన్ని అర్థాలూ బట్టీ పట్టించాలా, పాఠానికి కావలసింది ఒక్కటి చెప్పి వదిలేయాలా? తెలిసినవాళ్లు చెప్పండి. ఇలాంటివి రోజుకొకటి వస్తున్నాయి.

గోలీసోడా

రాగి తీగ చేసేదీ మీరు చేసేదీ ఒకటే పని అన్నా. ఎక్కినవాళ్లని దిగాల్సిన చోటికి చేర్చడం. తీగకి చిల్లర గొడవ లేదు, అంతే తేడా.

సైన్స్ టీచరమ్మ

గోలీసోడా సరదాకి అన్నా అసలు సంగతి అదే. కండక్టర్ అన్నది లాటిన్ మాట నుంచి వచ్చింది, వెంటబెట్టుకుని తీసుకెళ్లేవాడు అని దాని అర్థం. బస్సులో ప్రయాణికుల్ని, వాద్యబృందంలో వాయించేవాళ్లని, తీగలో కరెంటుని. తెలుగు మీడియం పుస్తకంలో 'వాహకం' అని ఉండేది. అది కూడా మోసుకెళ్లేదనే.

పద్దెనిమిదేళ్లుగా హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతున్నాను. తెలుగులో చెబితే ఈ గొడవ ఉండదని అనుకోకండి. పాప అడిగిన చార్జ్‌నే విద్యుదావేశం అని బోర్డు మీద రాస్తే, ఆవేశం అంటే కోపం కదా టీచర్, ప్రోటాన్‌కి కోపం ఎందుకు వస్తుంది అని ఒక పిల్లాడు అడిగాడు. వాడు అడిగినదాంట్లో తప్పు లేదు. వాడికి తెలిసిన ఆవేశం ఇంట్లో చూసినదే మరి.

సైన్సులో పెద్ద కష్టం కొత్త మాటలతో కాదు, పాత మాటలతోనే. ఫోటోసింథసిస్ లాంటి మాట పిల్లలకి సులభం, ఎందుకంటే అది బయట ఎక్కడా వినపడదు. వర్క్, పవర్, ఫోర్స్ అన్నప్పుడే తడబడతారు. గంటసేపు గోడని నెట్టి చెమటలు కక్కినా, గోడ కదలకపోతే మా సైన్సులో వర్క్ సున్నా. పవర్ అంటే వీధిలో పోయే కరెంటు, మంత్రిగారికి ఉండే అధికారం, కళ్లద్దాల నంబరు, లెక్కల్లో రెండు పవర్ మూడు. నేనైతే పాఠం మొదలుపెట్టే ముందు ఈ మాట మీకు ఎక్కడెక్కడ తెలుసో చెప్పండి అని అడిగి అన్నీ బోర్డు మీద రాస్తాను. తర్వాత ఈ గంటలో మనకి కావలసింది ఇదీ అని ఒక్కదాని చుట్టూ గీత గీస్తాను. మిగతావి చెరపను. చెరిపితే పిల్లలకి తెలిసింది తప్పని చెప్పినట్టవుతుంది.

మూలపదం

చార్జ్ సంగతి నేను చెబుతాను, నాకు చాలా ఇష్టమైన మాట. లాటిన్‌లో బండిని కర్రుస్ అనేవాళ్లు. బండికి సరుకు ఎత్తడాన్ని తెలిపే మాట దాంట్లోంచి పుట్టింది. కార్, క్యారీ, కార్గో, చార్జ్ అన్నీ ఆ బండి పిల్లలే. అంటే చార్జ్‌కి అడుగున ఉన్న అర్థం బరువు ఎత్తడం, లోడ్ చేయడం.

ఇప్పుడు పాప చెప్పిన జాబితా చూడండి. బ్యాటరీకి కరెంటు లోడ్ చేస్తాం. ప్రయాణికుడి మీద డబ్బు బరువు పెడతాం. కొత్త ఎస్సై నెత్తిన స్టేషన్ బరువు పడుతుంది. నిందితుడి మీద నేరం మోపుతాం. ఈ చివరిదాన్ని తెలుగులో ఏమన్నానో గమనించారా? మోపడం. గడ్డిమోపులో ఉన్న మోపే. మనవాళ్లూ నేరాన్ని బరువుగానే చూశారు. లాఠీచార్జ్ ఒక్కటే కాస్త దూరం, అది యుద్ధంలో ఆయుధం ఎక్కుపెట్టి మీదికి దూకే వాడుక నుంచి వచ్చింది.

పాపకి బండి బొమ్మ గీసి చూపించండి. ఐదు అర్థాలూ దాంట్లో ఎక్కుతాయి.

లాస్ట్ ట్రిప్

మోపు సంగతి చదివి ఒళ్లు జలదరించిందండీ. పేపర్లో 'చార్జీల మోత' అని వేస్తారు కదా, ఆ మోత కూడా బరువేనా?

మూలపదం

మోయడం నుంచి వచ్చిన మోత ఉంది, మోగడం నుంచి వచ్చిన మోతా ఉంది. హెడ్డింగ్ పెట్టేవాళ్లకి రెండూ పనికొస్తాయి.

అశోక్‌నగర్ బెంచి

మూలపదం గారూ, చదవడానికి బాగుంది. పరీక్ష హాల్లో ఈ బండి ఎక్కితే ఎక్కడో దించేస్తుంది. ఆరేళ్లుగా పోటీ పరీక్షలు రాస్తున్నాను కాబట్టి చెబుతున్నా. టెండర్ తీసుకోండి. కాంట్రాక్టు టెండర్, టెండర్ కోకోనట్, రాజీనామా టెండర్ చేశాడు. మూలం ఒకటే అనుకుని లేత కొబ్బరికీ కాంట్రాక్టుకీ చుట్టరికం వెతుక్కుంటూ కూర్చుంటే టైమ్ అయిపోతుంది. మ్యాచ్ ఇంకోటి. అగ్గిపెట్టె మ్యాచ్, క్రికెట్ మ్యాచ్, పెళ్లి మ్యాచ్.

మొదటి రెండేళ్లు నేను చేసిన తప్పు చెబుతా. ఒక మాట, ఎదురుగా ఒక తెలుగు అర్థం, ఇలా నాలుగు నోట్‌బుక్కులు నింపాను. ప్యాసేజ్ ఇచ్చేసరికి ప్రతి మాటా తెలుసు, వాక్యం మాత్రం అర్థం కాదు. చాలా బాధపడ్డాను. మూడో ఏడు మా రూమ్మేట్ ఒక పద్ధతి చెప్పాడు. మాటని ఒంటరిగా రాయకు, దాని పక్కన కూర్చునే చిన్న మాటతో కలిపి రాయమన్నాడు. చార్జ్ పక్కన విత్ ఉంటే కేసు. చార్జ్ ఫర్ అంటే డబ్బు. ఇన్ చార్జ్ ఆఫ్ అంటే బాధ్యత. చార్జ్ ఎట్ అంటే మీదికి దూకడం. నాకు మార్కులు తెచ్చింది ఆ చిన్న మాటలే.

మూలపదం

టెండర్, మ్యాచ్ రెండిట్లోనూ మీరే కరెక్ట్. లేత అనే టెండర్ వేరు, ఇవ్వజూపే టెండర్ వేరు. పుట్టిన ఇళ్లు వేరు, ఇప్పుడు పేరొక్కటే. అగ్గిపుల్ల మ్యాచ్ ఫ్రెంచి వైపు నుంచి వచ్చింది, జోడీ అనే మ్యాచ్ పాత ఇంగ్లీషుది. అందుకే ముందు ఒక ఇంటివాళ్లా కాదా అని చూసుకోవాలి. మీ పక్క మాట పద్ధతి నేనూ రాసుకున్నాను.

రెండో పేజీ

అశోక్‌నగర్ బెంచి గారికి ఒక మాట. బండి ఎక్కనంటున్నారు గానీ మీరు ఉన్నదే బండిలో. కోచింగ్ సెంటర్‌లోని కోచ్ అంటే గుర్రబ్బండి. హంగరీలో కోచ్ అనే ఊళ్లో చేసిన బళ్లకి ఆ పేరు వచ్చింది. 1830 ప్రాంతంలో ఆక్స్‌ఫర్డ్ విద్యార్థులు, పరీక్ష గట్టెక్కించే ట్యూటర్‌ని కోచ్ అనడం మొదలుపెట్టారు, బండిలా మోసుకెళ్లి అవతల దింపుతాడని. రైలు కోచ్, క్రికెట్ కోచ్, గ్రూప్స్ కోచింగ్ ఒకే బండి.

అశోక్‌నగర్ బెంచి

ఇది మా రూమ్ గోడ మీద రాసుకుంటాను. నిజంగా.

నైట్ షిఫ్ట్ సిస్టర్

మా దగ్గర ఇది నవ్వుకునే విషయం కాదు, అందుకే రాస్తున్నాను. ఒక రాత్రి ఒకబ్బాయి వాళ్ల నాన్న స్కాన్ రిపోర్టు పట్టుకుని ఏడుస్తూ కౌంటర్ దగ్గరికి వచ్చాడు. లివర్ అన్‌రిమార్కబుల్, కిడ్నీస్ అన్‌రిమార్కబుల్ అని ఉంది. నోటితో చెప్పలేనంతగా పాడయ్యాయని అనుకున్నాడు. దానర్థం చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు, అన్నీ బాగున్నాయి అని. కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, లైన్ లైన్‌కీ అర్థం చెప్పాను. అతను డిగ్రీ చదివినవాడే.

పాజిటివ్ అంటే మంచిది కాదని కరోనా రోజుల్లో అందరికీ తెలిసింది. ఇంకా తెలియాల్సినవి ఉన్నాయి. క్రానిక్ అని చూడగానే ముదిరిపోయిందని భయపడతారు, దానర్థం చాలాకాలంగా ఉన్నది అని మాత్రమే. అక్యూట్ అంటే ఉన్నట్టుండి వచ్చినది. ఇంప్రెషన్ అని రిపోర్టు చివర ఉంటుంది, అది డాక్టరు గారు తేల్చిన విషయం. ముందు అది చూడండి. ఏ మాట అర్థం కాకపోయినా మమ్మల్ని అడగండి, ఇంటికెళ్లి ఫోన్లో వెతికి భయపడొద్దు.

మూలపదం గారు చెప్పిన చార్జ్ చదివాక నాకు డిశ్చార్జ్ తట్టింది. పేషెంటు డిశ్చార్జ్, పుండులోంచి డిశ్చార్జ్, బ్యాటరీ డిశ్చార్జ్. బరువు దించడమే కదా?

మూలపదం

అక్షరాలా అదే సిస్టర్. ఎత్తింది చార్జ్, దించింది డిశ్చార్జ్.

దస్తావేజు

కోర్టులో నిందితుణ్ణి డిశ్చార్జ్ చేశారు అంటారు, అదీ కలుపుకోండి. ఇంకా మావైపు చార్జ్ అంటే ఆస్తి మీద ఉన్న బాకీ భారం. ఆస్తి బదిలీ చట్టం 1882లో సెక్షన్ 100 దాని గురించే. ఇల్లు కొనే ముందు ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీయించమని నేను అందరికీ చెప్పేది ఆ భారం ఉందో లేదో చూడటానికే.

కానీ జనం ఎక్కువ తికమకపడేది కన్సిడరేషన్ అనే మాటతో. విదేశాల్లో ఉండే ఒకబ్బాయి ఇక్కడ స్థలం కొంటూ డ్రాఫ్టు చదివి ఫోన్ చేశాడు. 'ఇన్ని లక్షల కన్సిడరేషన్ అని రాశారు, అంటే రేటు ఇంకా ఆలోచనలో ఉందా, తగ్గుతుందా' అని. లేదు బాబూ, చట్టంలో కన్సిడరేషన్ అంటే ప్రతిఫలం, నువ్విచ్చే డబ్బు అని చెప్పాను. కాంట్రాక్టు చట్టం 1872 సెక్షన్ 25 ప్రకారం ప్రతిఫలం లేని ఒప్పందం, కొన్ని మినహాయింపులు తప్ప, చెల్లదు. తెలుగు దస్తావేజులో ప్రతిఫలం అని చక్కగా ఉంటుంది, ఎవరూ ఫోన్ చేయరు. ఇలాంటి చోట తెలుగు మాటే మేలని నా అభిప్రాయం, మీరేమన్నా సరే. ఎగ్జిక్యూట్ కూడా అంతే. డీడ్ ఎగ్జిక్యూట్ చేశాడంటే సంతకం పెట్టి పని పూర్తి చేశాడని. పేపర్లో అదే మాట ఉరితీతకి వాడతారు.

రెండో పేజీ

దస్తావేజు గారి మాటకి నా ఓటు. పేపర్ డెస్క్ మీద పదకొండేళ్లుగా ఉన్నాను, మాకు రోజూ ఎదురయ్యేది శాంక్షన్. లోన్ శాంక్షన్ అయితే మంజూరు. ఒక దేశం మీద శాంక్షన్స్ అంటే ఆంక్షలు. ఒకే మాటకి ఇవ్వడం, ఆపడం రెండూ. కొత్తగా చేరిన కుర్రాడు ఒక రాత్రి ఇరాన్ వార్తని 'ఇరాన్‌కు మంజూరు' అని మొదలుపెట్టాడు. పేజీ వెళ్లక ముందే చూశాం. అతన్ని తిట్టలేదు, ఎందుకంటే వాళ్లింట్లో అప్పటిదాకా వినపడిన శాంక్షన్ ఇంటి లోన్‌దే. ఓవర్‌సైట్ ఇలాంటిదే. ఓవర్‌సైట్ కమిటీ అంటే పర్యవేక్షణ, ఒట్టి ఓవర్‌సైట్ అంటే చూసుకోకపోవడం వల్ల జరిగిన పొరపాటు.

అశోక్‌నగర్ బెంచి చెప్పిన పక్క మాటే ఇక్కడా కాపాడుతుంది. దేశం పేరు ముందు 'ఆన్' ఉంటే ఆంక్ష.

చింతచిగురు

అందరూ ఇంగ్లీషుని అంటున్నారు, మన 'కొట్టు' సంగతేమిటి? నిన్న ఒక్కరోజు మా ఇంట్లో లెక్కపెట్టాను. పొద్దున్నే కొబ్బరికాయ కొట్టాను. పంచదార అయిపోతే వీధి చివర కొట్టుకి వెళ్లాను. నిన్నటి కూర వాసన కొడితే పారేశాను. పిల్లాడు హోంవర్క్ పక్కవాడి దగ్గర కాపీ కొట్టాడు, సాయంత్రం కాలవలో ఈత కొట్టాడు. గ్రైండర్ షాక్ కొట్టింది. సీరియల్ బోర్ కొట్టింది. గేటు కొట్టి ఎవరో పిలిచారు. ఇందులో ఎవరూ ఎవరినీ కొట్టలేదు!

మా పక్కింటావిడ 'మా ఆయన మందు కొట్టి వచ్చాడు' అంది. పొలానికి మందు కొట్టి వచ్చాడో, ఇంకోలాగా వచ్చాడో ఇంగ్లీషువాడు ఎలా తెలుసుకోవాలి? నాకు మాత్రం ఆవిడ మొహం చూడగానే తెలిసింది. పొలానికే.

గోలీసోడా

కన్ను కొట్టడం, డబ్బా కొట్టడం, చప్పట్లు కొట్టడం, గోడకి సున్నం కొట్టడం.

నైట్ షిఫ్ట్ సిస్టర్

గుండె కొట్టుకోవడం.

లాస్ట్ ట్రిప్

టికెట్టు కొట్టడం! బెల్లు కొట్టడం! నా రోజంతా ఇదే, ఒక్కసారి కూడా ఆలోచించలేదు. చింతచిగురు గారూ, ఇది పాపకి చదివి వినిపించాను. రాత్రి పడుకునేదాకా కొత్తవి చెబుతూనే ఉంది.

మూలపదం

ఇంగ్లీషులో మన కొట్టుకి దీటైనది రన్. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు రెండో ముద్రణ 1989లో 20 సంపుటాలుగా వచ్చినప్పుడు అన్నిటికంటే పొడుగు వివరణ సెట్ అనే మాటకి ఉండేది. తర్వాత మళ్లీ సవరిస్తున్నప్పుడు రన్ దాన్ని దాటేసింది. రన్ క్రియకి 645 అర్థాలు తేలాయి. దాన్ని తేల్చడానికి ఒక సంపాదకుడికి తొమ్మిది నెలలు పట్టింది.

గమనించండి, అన్నిటికంటే ఎక్కువ అర్థాలు ఉన్నవి పెద్ద పెద్ద మాటలకి కాదు. రన్, సెట్, గెట్, టేక్, పుట్. మనకి కొట్టు, పట్టు, పెట్టు, పడు, తీయి. ఇంట్లో రోజూ చేతిలో ఉండే కత్తిపీటతోనే కూరా తరుగుతాం, కొబ్బరీ తీస్తాం. వాడేకొద్దీ మాటకి పనులు పెరుగుతాయి. లాస్ట్ ట్రిప్ గారు మొదట అడిగారు కదా, ఒక్కో పనికి ఒక్కో మాట ఎందుకు పెట్టుకోలేదని. ఒక్క రన్ పనులకే 645 మాటలు గుర్తుపెట్టుకోవాల్సి వచ్చేది.

అశోక్‌నగర్ బెంచి

645 అని చూస్తేనే టెన్షన్ వస్తోంది.

సైన్స్ టీచరమ్మ

టెన్షన్ వద్దు. ఇంగ్లీషు పిల్లలకి కూడా 645 తెలియవు. చింతచిగురు గారి పిల్లాడు కొట్టుకి ఎన్ని అర్థాలో లెక్కపెట్టి నేర్చుకోలేదు, ఒక్కోటీ ఒక్కో సందర్భంలో విన్నాడు. అన్నీ ముందే నేర్పేయాలి అనుకుంటేనే భయం.

ఆస్టిన్ అబ్బాయి

నాకు జరిగింది రాస్తాను. అమెరికాకి వచ్చిన కొత్తలో మీటింగ్‌లో మా మేనేజర్ 'లెట్స్ టేబుల్ దిస్' అన్నాడు. మన పార్లమెంటులో నివేదిక టేబుల్ చేశారు అంటే సభ ముందు పెట్టారని కదా. వెంటనే నేను నా స్లైడ్లు తెరిచి మాట్లాడటం మొదలుపెట్టాను. గది నిశ్శబ్దమైపోయింది. అమెరికాలో టేబుల్ చేయడమంటే పక్కన పెట్టేయడం, తర్వాత చూద్దాం అని. బ్రిటన్‌లో, మన దగ్గర దానికి సరిగ్గా ఉల్టా.

చాలా రోజులు సిగ్గుపడ్డాను. తర్వాత తెలిసింది, రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్, అమెరికన్ అధికారులు ఇదే మాట మీద చాలాసేపు వాదించుకున్నారట. బ్రిటిష్‌వాళ్లు ఒక కాగితాన్ని వెంటనే చర్చించాలని టేబుల్ చేద్దామన్నారు. అమెరికన్లు వద్దు, ఇది ముఖ్యమైన విషయం, టేబుల్ చేయకూడదన్నారు. ఇద్దరికీ కావలసింది ఒకటే. చర్చిల్ తన జ్ఞాపకాల్లో రాశాడు.

ఇంకో సలహా, ఇక్కడ ఇంటర్వ్యూలో పాస్డ్ అవుట్ అనకండి. స్పృహ తప్పి పడిపోయాడని అర్థం. గ్రాడ్యుయేటెడ్ అనండి. మనవాళ్లు ఇలాంటి తప్పు ఇంగ్లీషు మానుకుంటే మంచిది.

దస్తావేజు

ఆస్టిన్ అబ్బాయి, తప్పు అనొద్దు. హైదరాబాద్ పోలీస్ అకాడమీలో పాసింగ్ అవుట్ పరేడ్ ప్రతి ఏడూ పేపర్లో వస్తుంది. శిక్షణ ముగించుకుని బయటికి రావడాన్ని అలా అనడం బ్రిటిష్ సైన్యంలో ఉన్నదే. మనం దాన్ని కాలేజీకి తెచ్చుకున్నాం. నూట నలభై కోట్ల మంది ఉన్న దేశంలో అందరికీ అర్థమయ్యే మాట తప్పెలా అవుతుంది?

ఆస్టిన్ అబ్బాయి

అర్థం కావలసింది ఇంటర్వ్యూ చేసేవాడికి కదండీ. ఉద్యోగం పోతే ఎవరు ఇస్తారు?

చింతచిగురు

ఇద్దరూ నిజమే చెబుతున్నారు. కూరగాయల కొట్లో కవర్ ఇవ్వమంటే మనకి ప్లాస్టిక్ సంచి ఇస్తారు. అదే మాట పోస్టాఫీసులో అంటే ఉత్తరం పెట్టేది. బీమా ఏజెంటుకి ఇంకోటి. మనం ఎవరి ముందు నిలబడ్డామో చూసుకుని మాట్లాడతాం. అమెరికా వాడి ముందు ఇంకోలా మాట్లాడితే ఇక్కడిది తప్పైపోదు.

దస్తావేజు

నేను చెప్పాలనుకున్నదే మీరు తేలిగ్గా చెప్పారు తల్లీ.

మనవరాలి అమ్మమ్మ

నేను డాలస్‌లో మా అమ్మాయి దగ్గర ఆరు నెలలు ఉండి వచ్చాను. పక్కింటి అమ్మాయి వస్తే కాఫీ కావాలా అని అడిగాను, వచ్చీరాని ఇంగ్లీషులోనే. 'ఐయామ్ గుడ్' అంది. బాగున్నాను అంటోంది, మొహమాటపడుతోంది అనుకుని కలిపి ఇచ్చాను. పాపం తాగింది. రెండోసారీ అదే జరిగింది. మూడోసారి మా అమ్మాయి చూసి, అమ్మా, అలా అంటే వద్దని అర్థం అని చెప్పింది. మనింట్లో వచ్చినవాళ్లు వద్దన్నా ఇస్తాం కదా, నాకు తెలిసే వీలే లేదు. ఆ అమ్మాయి మాత్రం నేను వచ్చేసేముందు ఆ కాఫీ పొడి ఎక్కడ దొరుకుతుందో అడిగి రాసుకుంది.

షాపులో డబ్బులు కట్టాక 'యూ ఆర్ ఆల్ సెట్' అంటారు. పని అయిపోయింది, వెళ్లొచ్చు అని. మొదట్లో తెలియక అక్కడే నిలబడేదాన్ని.

గోలీసోడా

సెట్ మనమూ వాడేస్తున్నాం అమ్మమ్మా. సంబంధం సెట్ అయింది, షర్టు బాగా సెట్ అయింది, గిన్నెల సెట్టు, ఎంసెట్... చివరిది వేరే అనుకోండి.

లాస్ట్ ట్రిప్

అందరికీ చాలా థ్యాంక్స్. మూడు రోజులుగా చేసింది చెబుతాను. ముందు బండి బొమ్మ గీశాం. తర్వాత టీచరమ్మ గారు చెప్పినట్టు పాపకి ముందే తెలిసినవన్నీ రాయించాను. ఆ తర్వాత బెంచి తమ్ముడు చెప్పిన విత్, ఫర్, ఆఫ్, ఎట్ పక్కన రాసి ఒక్కోదానికి ఒక వాక్యం పెట్టింది. ఫర్‌కి తను రాసింది, నాన్న పిల్లలకి హాఫ్ టికెట్టుకే చార్జ్ చేస్తాడు అని. ఇంగ్లీషులో సొంతంగా రాసిన మొదటి వాక్యాల్లో అదొకటి. ఫోన్లో ఫోటో తీసి పెట్టుకున్నాను.

ఇప్పుడు నా బస్సులో ఉన్న మాటలన్నీ రాస్తానంటోంది. పాస్, సర్వీస్, డ్యూటీ, స్టాండ్, స్టేజ్. స్టేజ్ దగ్గర ఆగాం. మాకు స్టేజ్ అంటే చార్జీ మారే చోటు. నాటకం స్టేజ్, జబ్బు స్టేజ్ ఎలా కలుస్తాయో తెలియలేదు.

మూలపదం

మీ స్టేజే అసలుకి దగ్గర. లాటిన్‌లో నిలబడటం అనే మాట నుంచి వచ్చింది, నిలిచే చోటు అని. గుర్రబ్బళ్ల కాలంలో గుర్రాల్ని మార్చే ఒక మజిలీ నుంచి ఇంకో మజిలీ దాకా ఉన్న దూరాన్ని స్టేజ్ అనేవాళ్లు. నటుడు నిలబడే చోటు స్టేజ్. జబ్బు ఇంతదాకా వచ్చి నిలిచింది అంటే స్టేజ్.

స్టేషన్ కూడా అదే కుటుంబం. ఇంకా బాగుండే సంగతి, సంస్కృతంలో నిలబడటానికి ఉన్న 'స్థా' ధాతువు దీనికి అక్కచెల్లెలు. స్థానం అందులోంచే వచ్చింది, పోలీసు ఠాణా కూడా. ఒక ఊళ్లో ఠాణా అన్నా స్టేషన్ అన్నా ఒకే మూలానికి రెండు దారులు.

సైన్స్ టీచరమ్మ

లాస్ట్ ట్రిప్ గారూ, పాప రాసిన ఆ వాక్యం నా క్లాసులో బోర్డు మీద రాయవచ్చా? పేరు చెప్పను.

లాస్ట్ ట్రిప్

అడిగాను. రాయవచ్చట, కానీ కింద తన క్లాసు మాత్రం వేయమంటోంది. రేపు నాది ఫస్ట్ సర్వీసు, నాలుగున్నరకి డిపోలో ఉండాలి. పాస్ అనే మాట మొదలుపెట్టింది. బస్ పాస్, పరీక్ష పాస్, పాస్‌బుక్ దాకా వచ్చాయి. మిగతావి ఆదివారం వీక్లీ ఆఫ్ రోజు ఇద్దరం కూర్చుని రాసి పెడతాం.